వెచ్చగదిలోకి తల్లిని రానిచ్చిన రోజు

1944 చలికాలంలో నన్ను పంజాగుట్టలోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా వేశారు. బందరులో పుట్టి పెరిగిన నాకు అక్కడి మాట చెవికి అలవాటు కావడానికి కొంతకాలం పట్టింది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం అక్కడ ఒక వెచ్చగది ఉండేది. ఇప్పటి యంత్రాలేవీ లేవు. పిల్లను దూదిలో చుట్టి, తొట్టెలో రెండు వైపులా వేడినీళ్ల సీసాలు పెట్టి, అవి చల్లారకముందే మార్చేవాళ్లం. తల్లి పిండి ఇచ్చిన పాలను గాజుగొట్టంతో చుక్కచుక్కగా పట్టేవాళ్లం. తల్లికి కూడా లోపలికి ప్రవేశం లేదు. వరండాలోని అద్దంలోంచి చూసి వెళ్లాల్సిందే.

అమీర్‌పేటలో మిలిటరీ దుస్తులు కుట్టే దర్జీ నర్సయ్య. అతని భార్య బాలమణికి ఏడో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. కొద్దిరోజులకే తల్లికి పాలు తగ్గాయి, పిల్ల బరువు పెరగడం ఆగింది. ఒక ఉదయం బాలమణి అత్త రాజవ్వ దుప్పటి పట్టుకుని నా ముందు నిలబడింది.

"మా పిల్లను మాకియ్యి సిస్టరమ్మా, ఇంటికి తీస్కపోతం. కన్నతల్లి అద్దంలకెల్లి చూసుకుంట ఏడుస్తుంటే పాలెట్ల వడ్తయి?"

"ఈ చలిలో బయటికి తీస్తే పిల్ల దక్కదండీ," అన్నాను.

"ఈడ సుత దక్కుతలేదు గదా!"

అత్త వెనక నిలబడ్డ బాలమణి మాత్రం మెల్లగా, "జర ఒక్కపారి పట్టుకోనియ్యి అక్కా," అంది.

వాళ్లను కూర్చోమని చెప్పి, పెద్ద డాక్టరు సుల్తానా గారి దగ్గరికి వెళ్లాను. నర్సు డాక్టరుకు సలహా చెప్పే రోజులు కావవి. అయినా తల్లిని లోపలికి రానిద్దామని అడిగాను. ఆమె కోప్పడలేదు.

"నిరుడు విరేచనాలు అంటుకొని గా గదిల పిల్లలు పోయిండ్రు. నా చేతులల్లనే పోయిండ్రు. మళ్ల తలుపు తియ్యుమంటవా?"

"మనం రోజూ వెళ్తూనే ఉన్నాం కదండీ. మనలాగే చేతులు కడిగించి, ఉడకబెట్టిన గౌను తొడిగించి తీసుకెళ్తాను. దగ్గరుండి చూసుకుంటాను."

"తల్లి ఒక్కతే. దగ్గు, జ్వరం లేవని నేను చూసినంకనే," అన్నారు డాక్టరుగారు చివరికి.

బాలమణి మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుంది. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టి, పిల్లను దూదితో సహా ఆమె రొమ్ముకు ఆనించాను. పిల్ల మొదట కదల్లేదు. కాసేపటికి నోరు తెరిచి వెతుక్కుంది. చీకే శక్తి ఇంకా రాలేదు గానీ, తల్లి గౌను పాలతో తడిసింది. బాలమణి కళ్లెత్తి నా వైపు చూసి నవ్వింది. అద్దం అవతల రాజవ్వ దుప్పటి మడిచి పక్కన పెట్టి, నేల మీద కూర్చుండిపోయింది.

తరవాత రోజూ అలాగే తీసుకెళ్లాను. పాలు పెరిగాయి, పిల్ల పుంజుకుంది, ఎండలు ముదరకముందే ఇంటికి వెళ్లింది. గదిలో ఏ జబ్బూ రాలేదని నమ్మకం కుదిరాక డాక్టరుగారు మిగతా తల్లులనూ అదే పద్ధతిలో రానిచ్చారు. తండ్రులు, అమ్మమ్మలు, నాయనమ్మలు అద్దం దగ్గరే ఆగేవారు. అది మారడం నేను అక్కడ పనిచేసినన్నాళ్లూ చూడలేదు.

పిల్లకు అంటు సోకకుండా చూడటం, అయినవాళ్లను దూరం పెట్టడం ఒకటేనన్నట్టు మాకు శిక్షణలో నేర్పారు. అవి రెండూ వేరువేరు పనులని నాకు ఆ గదిలో తెలిసింది.