అక్కకో విశేషం

మా వైపు ఎవరు ఫోన్ చేసినా మొదట అడిగే మాట “ఏం విశేషాలు?” అని. విశేషాలేమీ లేవని అడిగేవాళ్లకూ తెలుసు, చెప్పేవాళ్లకూ తెలుసు. “ఏముంటాయి, మామూలే” అనేస్తే ఆ తంతు ముగుస్తుంది. మా అక్క ఒక్కతే ఆ మాటను నిజంగా అడిగేది. ఆమె కుప్పంలో కొడుకు, కోడలి దగ్గర ఉంటుంది. నేను మదనపల్లెలో ఒక్కడినే. మాకు పిల్లల్లేరు, నా భార్య పోయింది. ఆమె పోయాక రోజూ సాయంత్రం అక్కకు ఫోన్ చేయడం అలవాటైంది. రోజు మొత్తంలో నేను నోరు తెరిచి మాట్లాడేది అప్పుడే. అంగట్లో “ఒక టీ” అనడాన్ని మాటల కింద జమకట్టను.

కొన్నాళ్లకు ఆ ఫోను కూడా చిక్కిపోసాగింది. తిన్నావా అంటే తిన్నాను. మోకాళ్ల నొప్పి ఎట్లుందంటే అట్లే ఉంది. విశేషాలంటే మామూలే. ఆ తర్వాత ఇద్దరం ఊరుకుంటాం. కాసేపటికి “సరే, పెట్టేదా?” అంటుంది అక్క. పెట్టేశాక ఇంట్లో ఫ్యాను చప్పుడే మిగులుతుంది. ఇట్లాగే పోతే ఏదో ఒకనాటికి ఫోన్ చేసుకోవడమే మానేస్తామని నాకు భయం పట్టుకుంది. నాకంటూ ఉన్నది ఆ ఒక్క అక్క. అందుకని రోజూ ఆమెకు చెప్పడానికి ఏదో ఒక విశేషం వెతికి తెచ్చుకుందామని చెప్పులేసుకుని బయటపడ్డాను.

నవ్వొచ్చే సంగతేమంటే, నాకు ఈ ఊళ్లేమీ కొత్త కాదు. బస్సు కండక్టరుగా నా ఉద్యోగమంతా మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం దారిలోనే గడిచింది. అయినా నాకు ఊళ్లంటే స్టేజీలే. ఎక్కేవాళ్ల చేతులు, దిగేవాళ్ల వీపులు, చిల్లర తగాదాలు. కిటికీలోంచి బయటికి చూసే భాగ్యం టికెట్టు కొన్నవాళ్లకే ఉండేది.

అప్పటికింకా చలికాలం. మొదటి రోజే తప్పులో కాలేశాను. “అక్కా, ఈ పొద్దు ఒక విశేషముండాది” అన్నాను గొప్పగా. అక్క గొంతు బాగా తగ్గించి, “ఎవురికిరా?” అని అడిగింది. విశేషముందంటే ఎవరో నీళ్లోసుకున్నారని కదా మనవాళ్ల లెక్క. అరవై దాటిన ఒంటిగాడి ఇంట్లో విశేషమేమిటని ఆమె గుండె ఝల్లుమన్నట్టుంది. అయ్యో అదేం కాదు, ఒక ఆవు సంగతి అన్నాను. “ఎన్నో నెల?” అంది. ఇద్దరం చాలా రోజులకు నవ్వుకున్నాం.

ఆవు సంగతి ఇదీ. ధర పడిపోయి టమేటా మండీ బయట రైతులు కాయలు కుప్పగా పారబోసి పోయారు. ఆ ఆవు వచ్చి ఒక కాయ వాసన చూసి, మొహం తిప్పేసుకుంది. ఇంట్లో రోజూ అదే కూర వండితే మనం పెట్టే మొహమే. తర్వాత పక్కనున్న అట్టపెట్టెను తెచ్చుకుని తీరిగ్గా నమిలింది.

వెతకడమంటూ మొదలుపెడితే ఊరినిండా ఇవే. ఒకరోజు సన్నటి వానలో ఒక సాయబు నెత్తిన గోనెపట్టా కప్పుకుని, తడుస్తూ కూర్చుని ఊరందరి గొడుగులూ బాగుచేస్తున్నాడు. బాగైన ప్రతి గొడుగునూ ఒకసారి తెరిచి, తలపైకెత్తి చూసి, మళ్లీ మూసి పక్కన పెడతాడు. ఒకటి పట్టుకోకూడదా అని ఉండబట్టలేక అడిగాను. ఆయన పక్కవాడితో వాళ్ల ఉర్దూలో ఏదో అని నవ్వి, గొడుగు పట్టుకుంటే కుట్టేదానికి చెయ్యి యాడుండాదప్పా అని నన్నే ఎదురడిగాడు. ఇంకోరోజు మిషన్ ఆస్పత్రి వెనక వీధిలో ఒకామె మిద్దెమీద బట్టలారేస్తూ దేవుడి పాట పాడుకుంటోంది. క్లిప్పులు నోట్లో పెట్టుకున్నప్పుడు మాటలు పోయి రాగమొక్కటే వచ్చేది, క్లిప్పు తీయగానే మాటలు తిరిగొచ్చేవి. పని లేనివాడిలా ఆ గోడ పక్కన నిలబడి బట్టలన్నీ అయిపోయేదాకా విన్నాను. నిజానికి నాకు పనేమీ లేదు.

చూసేటప్పుడూ నేను ఒంటరిగానే చూసేవాణ్ని, అందులో దాపరికమేముంది. పక్కన మనిషి ఉంటే మోచేత్తో పొడిచి “అద్దో” అనాలనిపించేది. పొడవడానికి ఎవరూ లేక, సాయంత్రం దాకా దాచుకుని తీసుకుపోయేవాణ్ని. వినేవాళ్లు ఊఁ కొట్టకపోతే చెప్పేవాడికి మాట సాగదు. మా అక్క ఊఁ కొట్టడంలో ఏ లోటూ చేసేది కాదు. నేను ఎక్కడ ఆగినా ఊఁ వినపడేది. మళ్లీ అందుకునేవాణ్ని.

ఈ మధ్య ఏదో పనిమీద పుంగనూరు పోయినప్పుడు చూసింది మాత్రం ఫోన్లో చెప్పి పాడుచేసుకోవాలనిపించలేదు. షేర్ ఆటోలో ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఒక పుంగనూరు దూడ కూర్చుని పోతోంది. గాలి కొట్టకుండా ఒకామె దాని చెవులకు కొంగు కప్పింది. నాలోని కండక్టరు లేచి, దీనికి హాఫ్ టికెట్టు కొట్టాలా, లగేజీ కొట్టాలా అని ఆలోచనలో పడ్డాడు. దీన్ని చేతులూ కళ్లూ తిప్పుతూ ఎదురుగా చెప్పాలని, మర్నాడు పొద్దున్నే కుప్పం బస్సెక్కాను.

అక్క నన్ను చూసి మంచం మీద లేచి కూర్చుంది. కోడలు ఇచ్చిన కాఫీ పక్కన పెట్టి మొదలుపెట్టాను. ఆటో అన్నాను, ఊఁ అంది. దూడ అన్నాను, ఊఁ అంది. కొంగు దగ్గర నవ్వాలి కదా, నవ్వలేదు. ఏమీ లేనిచోట నవ్వింది. అనుమానమొచ్చి, “అక్కా, నేనెవురు?” అన్నాను. ఊఁ అంది.

వంటింట్లోంచి కోడలు బయటికొచ్చింది. “చిన్నాయనా, ఆమెకు చెవులు సరిగ్గా ఇనపడవు, మాట తెలీదు. ఎండాకాలం నుంచీ ఇంతే. చెవికి మిషన్ పెట్టిస్తే కీచుమంటా ఉండాదని తీసి పారేసింది. మీకు చెప్పొద్దని నాతో ఒట్టేయించుకునింది” అంది.

నాకు ఒళ్లు మండింది. ఎండాకాలం నుంచి నేను మోసుకొచ్చిన గొడుగులూ పాటలూ అన్నీ గాలికి చెప్పినట్టే. చెవిటివాడి ముందు శంఖం సామెత గుర్తొచ్చింది, గుర్తొచ్చినందుకు సిగ్గేసింది. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, వీధంతా వినపడేలా, “యాల చెప్పలేదు నాకు?” అని అరిచాను. అది వినపడింది.

“చెప్తే ఏం చేస్తావు? ఇనపడని దానితో మాట్లాడేదేందిలే అని ఫోన్ చేసేది నిలిపేస్తావు. మాట తెలీదు గానీ నాయనా, నువ్వు మాట్లాడతాండేది తెలస్తాది. గుయ్యిమని వస్తాది. నిలిచిపోతే ఊఁ అంటా. మల్లా వస్తాది.”

నా భయమే అటు చివర ఆమెకూ ఉందని నాకు తట్టనే లేదు. ఏడుపొచ్చింది. కోడలు చూస్తోందని కాఫీ గ్లాసు ఎత్తుకున్నాను.

కాసేపటికి మళ్లీ చెవి దగ్గరికి వంగాను. నా మాట నీకు వినపడదు, నీ మాట నాకు వినపడుతుంది కదా, ఇకమీద ఫోన్లో నువ్వే చెప్పు అని అరిచాను. ఆమె చెయ్యి ఊపేసింది. తనకేముంటాయి, ఈ మంచమూ ఆ గోడా తప్ప అంది. నేను కదల్లేదు. ఆమె గది అంతా ఒకసారి కలయజూసింది. తర్వాత నా మొహం చూడకుండా, మెల్లగా చెప్పింది.

“ఈడ రైలు పోయేది ఇప్పుడు నాకు ఇనపడదు. చెంబులో నీళ్లు సూస్తా. సన్నంగా ఒణుకుతాయి. ఎవురెవురో యాడికో పోతాండారనుకుంటా. నీళ్లు నిలిచినాక, అందురూ పోయినారనుకుంటా.”

ఊఁ అనబోయాను. వినపడదని గుర్తొచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాను. అక్క కాళ్లు పైకి తీసి మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఇంకోటి చెప్పడం మొదలుపెట్టింది.