బావ చూపించిన పగులు

మొన్న నా ఫోను తెర మీద నిలువుగా ఒక తెల్లగీత పడితే నారాయణఖేడ్ బస్టాండు దగ్గరి దుకాణానికి తీసుకెళ్ళాను. దుకాణాయన చూసీ చూడకముందే డిస్‌ప్లే మార్చాలన్నాడు. ఆ గీతను చూస్తూ నిలబడితే మా అక్క భర్త, మా బావ, గుర్తుకొచ్చాడు.

ఎనభైల చివర ఆయనా నేనూ కలిసి ఇక్కడే రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం నడిపేవాళ్ళం. ఒకసారి జాతరకు కర్ణాటక వైపు నుంచి ఒకాయన బీరువా అంత ఆటల మిషను లారీలో తెచ్చాడు. నల్లటి తెర మీద ఉత్త వెలుగుగీతలతోనే విమానాలూ రాళ్ళూ గీసే యంత్రమది. అతనికున్న బతుకుతెరువు అదొక్కటే, జాతరేమో మూడే రోజులు. తీరా కరెంటు పెడితే బొమ్మంతా ముడుచుకుపోయి నడుమ నిలువుగీత మిగిలింది.

టీవీలో గీత పడితే ఏది మార్చాలో మన తరం మెకానిక్కులకు కంఠతా వచ్చు కదా, ఆ ధీమాతో బావ వచ్చేలోపే నేను తెర వెనక ట్రాన్సిస్టర్ పీకి, మా దగ్గరున్న ఒక్క కొత్తదీ వేసేశాను. గీత అలాగే ఉంది. అంతలో బావ వచ్చాడు. బొమ్మను అడ్డంగా కదిపే తీగనూ నిలువుగా కదిపే తీగనూ తారుమారు చేసి పెట్టాడంతే, నిలువుగీత కాస్తా అడ్డంగా పడుకుంది. తెర మీద గీత నిలువుగానూ అడ్డంగానూ సాగుతోంది కాబట్టి దోషం తెరది కాదు, బొమ్మను పంపే బోర్డుదని తేల్చేశాడు. మీటరు కూడా పట్టకుండా అంత మాట చెప్పిన ఆ బుర్రకు నేను ఇప్పటికీ దండం పెడతాను.

తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో బోర్డును మెల్లగా తడుతూ పోతే ఒకచోట బొమ్మ విచ్చుకుని మళ్ళీ ముడుచుకుంది. లారీ వచ్చిన కంగ్టి రోడ్డు కుదుపులకు అక్కడ అతుకు వదిలిందన్నమాట. బయట జనం పోగయ్యారు, జల్దీ చెయ్యమని మిషనాయన పరేషాను. బావ మాత్రం వేడెక్కిన సోల్డరింగు కడ్డీని పక్కన పెట్టి, అతని చేతికి భూతద్దం ఇచ్చాడు.

"ముందుగాల నువ్వు సూడు. నీ మిషిన్ల ఏం పోయిందో నీకు ఎర్కుండాలె. సూసినంక అతుకుత."

ఎవరి వస్తువైనా సరే, దోషం వాళ్ళకు చూపించనిదే అతకకపోవడం ఆయన పట్టింపు. మిషనాయన ఆ వెంట్రుకంత పగులు చూసి తల ఊపాక, రెండు నిమిషాల్లో తెరనిండా గీతలు వెలిగాయి. మరుసటేడు దారిలో అదే అతుకు మళ్ళీ పోతే తానే అతుక్కున్నానని అతను వచ్చి చెప్పాడు. ఒక గిరాకీ పోయిందని నేను గొణిగితే, బావ మాత్రం ఆ పూటంతా మురిసిపోయాడు.

ఇప్పుడు బావ లేడు. నా ఫోను పది నిమిషాల్లో బాగైంది, ఆ దుకాణాయన చేతివేగం మెచ్చుకోదగ్గదే. ఏం పోయిందో జర చూపియ్యి బిడ్డా అని అడిగాను. పాత తెరను అప్పటికే డబ్బాలో పడేశాడు. అందులో అలాంటివి బోలెడున్నాయి, నాది ఏదో అతనికే తెలియలేదు.