ఇప్పచెట్టు కింద మూడో హోలు

1998 ఏప్రిల్ 4, శనివారం. హాజరు: నేను, కళ్ళ డాక్టరు, ప్లీడరు, మా తోడల్లుడు. జీపు డ్రైవరు కూడా వచ్చాడు గానీ ఆట మొదలవకముందే సీట్లో పడుకున్నాడు కాబట్టి అతన్ని హాజరులో వేయలేదు.

ఆ రోజు డైరీ ఇలా మొదలవుతుంది. అదే పేజీలో కింద ఒకచోట మూడు అంకె కొట్టేసి పక్కన ఒకటి వేసి ఉంటుంది. ముప్పై నాలుగేళ్ళ డైరీల్లో నేను కొట్టేసి దిద్దిన అంకె అదొక్కటే. ఆ కథ రాస్తాను.

మేం నలుగురం పట్నంలో ఆదివారాలు గోల్ఫు ఆడేవాళ్ళం. ఏడాదికోసారి మాకు తెలియని మైదానం ఎక్కడుందో వెతుక్కుని వెళ్ళి ఆడి రావడం అలవాటు. దానికి ఒకటే షరతు. అందరికన్నా ఎక్కువ దెబ్బలు కొట్టి ఆఖరున మిగిలినవాడు ఆ పూట భోజనం, మర్నాటి టిఫిను మిగతా ముగ్గురికీ వడ్డించి, తర్వాత తాను తినాలి. తొమ్మిదేళ్ళలో తొమ్మిదిసార్లూ మా తోడల్లుడే వడ్డించాడు. ఆయనది అనకాపల్లిలో బెల్లం వ్యాపారం. భారీ మనిషి. బంతిని బెల్లం దిమ్మ పగలగొట్టినట్టు కొడతాడు. ఆట రాలేదు గానీ వడ్డనలో మాత్రం చెయ్యి బాగా తిరిగింది.

ఆ ఏడాది ఆయనకి మోకాలి ఆపరేషను ఖాయమైంది. మే నెలలో. ఆ తర్వాత గోల్ఫు మాట మరిచిపొమ్మని ఎముకల డాక్టరు చెప్పాడట. అంటే ఇదే ఆఖరి ప్రయాణం. బయల్దేరేటప్పుడు మా మరదలు, అంటే ఆయన భార్య, స్టేషన్లో అందరి ముందూ అనేసింది: "తొమ్మిదేళ్ళుగా ఎల్తన్నారు. ఈపాలైనా ఏదో ఒకటి సేసినట్టు బావగారి డైరీలో రాయించుకు రండి. నేకపోతే ఆ కర్రలు అటకెక్కించెయ్యడమే."

నా డైరీ సంగతి బయటివాళ్ళకి తెలియదు. మా బంధువుల్లో ఎవరి పెళ్ళికి ఎవరు రాలేదో, ఏ బావి ఏ నెలలో ఎండిందో నన్నే అడుగుతారు. నా డైరీలో లేనిది జరగనట్టే లెక్క.

శుక్రవారం పాసింజర్లో అరకు చేరి, అక్కడి నుంచి జీపులో సరిహద్దు వైపు కొండల్లోకి వెళ్ళాం. పూర్వం అక్కడ ప్రాజెక్టు కట్టేటప్పుడు ఎవరో పెద్ద ఇంజనీరు ముచ్చటపడి ఆరు హోళ్ళ మైదానం వేయించాడు. ఆయన పోయాడు, మైదానం ఉంది. దాన్ని చూసుకునేది ఒక ముసలి వాచ్‌మన్. చూసుకోమని అతనికి ఎవరూ చెప్పలేదు, మానెయ్యమనీ ఎవరూ చెప్పలేదు. మా ఊరి మైదానంలో బంతి పడాల్సిన హోలు చుట్టూ మెత్తటి పచ్చిక ఉంటుంది. ఇక్కడ పచ్చిక లేదు. కాలిన ఇంజను నూనె కలిపిన ఇసుకని గుండ్రంగా పరిచి, దాంట్లో పాలపిండి డబ్బా పాతారు. అదే హోలు. పక్కన వెదురుకి కట్టిన ఎర్రగుడ్డ.

"దొరలప్పుడు బాబూ," అన్నాడు వాచ్‌మన్, "ఈ ఇసక మీద అడుగు పడితే జీతం కోసీవోరు."

"ఇప్పుడో?" అన్నాడు ప్లీడరు.

"ఇప్పుడు కొయ్యడానికి జీతం ఏదీ?"

మొదటి హోలు దగ్గర కళ్ళ డాక్టరు నేల మీదున్న తెల్లరాయిని కొట్టి చెయ్యి జాడించుకున్నాడు. రెండో హోలు దగ్గర ప్లీడరు బంతి ఒక ఆవు కాళ్ళ మధ్య ఆగింది. ఆవు కదలలేదు. ఆవుని అదిలించడం నిబంధనల్లో లేదన్నాను. నా జేబులో ఎప్పుడూ రూల్సు పుస్తకం ఉంటుంది. ప్లీడరు ఆవుతో పావుగంట వాదించాడు. ఆవే గెలిచింది.

మూడో హోలు ఒక దిబ్బ మీద నుంచి కొట్టాలి. మధ్యలో గెడ్డ, అంటే చిన్న వాగు. అవతల పల్లంలో ఇసుక వలయం. దాని అంచు మీదికి వంగినట్టుగా పెద్ద ఇప్పచెట్టు. దిబ్బ మీద నుంచి ఎర్రగుడ్డ కొస మాత్రమే కనిపిస్తుంది. మేం ముగ్గురం కొట్టాం. మూడు బంతులూ గెడ్డ ఇవతలే పడ్డాయి. చివర్న మా తోడల్లుడు పంచె ఎగ్గట్టి, కళ్ళు సగం మూసుకుని కొట్టాడు. బంతి లేచింది. అంత తిన్నగా ఆయన బంతి లేవడం నేనెప్పుడూ చూడలేదు. ఎర్రగుడ్డ వైపే పోయి, పల్లంలోకి దిగిపోయింది.

"పడిందేటి?" అన్నాడాయన, కళ్ళు పూర్తిగా తెరిచి.

"పడే ఉంటుంది. ఎక్కడో ఒకచోట," అన్నాడు డాక్టరు.

గెడ్డ చుట్టూ తిరిగి, మా బంతులు కొట్టుకుంటూ వెళ్ళేసరికి పావుగంట పట్టింది. చెట్టు కింద ఒక యాభై ఏళ్ళావిడ కూర్చుని రాలిన ఇప్పపువ్వు ఏరుతోంది. ఇప్పపువ్వు తెల్లారగట్ల రాలుతుంది. మీగడ రంగులో, గోలీకాయంత, గుండ్రంగా ఉంటుంది. చెట్టుకి ఒక పక్క ఆమె ఏరేసింది. రెండో పక్క నేలంతా తెల్లగా పరుచుకుని ఉంది. అందులో తెల్లబంతి కోసం మేం నలుగురం వంగి వెతికాం. డాక్టరు మూడుసార్లు "ఇదిగో!" అన్నాడు. మూడుసార్లూ పువ్వే. మా తోడల్లుడు ఆశగా డబ్బాలోకి తొంగి చూశాడు. డబ్బా ఖాళీ.

కాసేపు మమ్మల్ని చూసి ఆవిడ అడిగింది. "ఏటి ఎతుకుతున్నారు బాబూ?"

"బంతమ్మా. తెల్లది," అన్నాడు మా తోడల్లుడు.

ఆవిడ పక్కనున్న చిన్న ఆకు దొప్పలోంచి బంతి తీసి చూపించింది. "ఇదేనా?"

అదే. దాని మీద ఊదారంగు గుండ్రం ఉంది, బెల్లం బుట్టల మీద వాళ్ళ కొట్లో వేసే గుర్తు. ఆయన చెయ్యి చాచాడు. ఆవిడ ఇవ్వలేదు.

"ఈ సెట్టు మాది. మా అత్త కాలం నుంచీ మాదే. దీని కింద రాలింది మాదే. ఎవలైనా ముట్టుకుంటారేటి?"

వాచ్‌మన్ తలూపాడు. "అది కట్టుబాటు బాబూ. ఇక్కడ ఎవల సెట్టు ఆలదే."

"బంతి అట్టేపెట్టుకో తల్లీ," అన్నాడు మా తోడల్లుడు. "ఇది ఎక్కడ దొరికిందో అది సెప్పు. ఆ డబ్బాలోనేనా?"

ఒక్క దెబ్బకి బంతి హోల్లో పడడమంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెబుతాను. పట్నంలో మాతో ఆడేవాళ్ళలో నలభై ఏళ్ళు ఆడి కూడా అది చూడనివాళ్ళున్నారు. నేను చూడలేదు. మా తోడల్లుడు తన బెల్లం కొట్టు పెట్టిన రోజున కూడా అలా నిలబడి ఉండడు.

ఆవిడ జవాబు చెప్పేలోగా ప్లీడరు ముందుకొచ్చాడు. "నేనడుగుతాను ఉండండి. చూడమ్మా, బంతి డబ్బాలో ఉందా లేదా? అవునా, కాదా? ఒక్క మాటలో చెప్పు."

"నాను సూణ్ణేదు."

"చూడకుండా ఎలా తీశావు?"

"పువ్వుల్తో పాటు వచ్చీసింది."

"ఏ పువ్వుల్తో పాటు? డబ్బాలోవా, కిందవా?"

"అన్నీ ఏరినాను గదేటి. పువ్వు పువ్వుకీ ఎక్కడిదని గురుతెట్టుకుంటానా? ఎల్లండి బాబూ, ఎండెక్కుతంది, బేగి ఏరుకోవాల." ఆవిడ అటు తిరిగి కూర్చుంది.

ముగ్గురూ నా వైపు చూశారు. నేను పుస్తకం తీశాను. ఆగిన బంతిని బయటివాళ్ళెవరైనా కదిపితే దాన్ని మొదట ఉన్న చోటే పెట్టాలి. ఆ చోటు తెలియకపోతే మన అంచనా ప్రకారం పెట్టాలి. నేను ఇంకో బంతి తీసి ఇసుక అంచున, డబ్బాకి నాలుగడుగుల దూరంలో పెట్టాను.

"అన్నయ్యా, ఏటి మీరు సేత్తన్న పని?" అన్నాడు మా తోడల్లుడు.

"తమ్ముడూ, సాక్ష్యం లేదు. అనుమానం మీద నేను డైరీలో ఎలా రాస్తాను?"

"అనుమానం ఆటగాడికే లాభించాలి," అన్నాడు ప్లీడరు.

"అది ఖూనీ కేసుల్లో," అన్నాను.

ఆయన కోపంగా కొట్టాడు. బంతి డబ్బా పక్క నుంచి పోయింది. మళ్ళీ కొడితే పడింది. "మూడు," అని రాసుకున్నాను. ఆవిడతో జరిగిన సంభాషణ అంతా కూడా, అలవాటు కొద్దీ, ఎక్కడ కూర్చుందో, దొప్పలోంచి ఎలా తీసిందో సహా రాసుకున్నాను.

మిగతా మూడు హోళ్ళూ ఆయన నాతో మాట్లాడలేదు. ఆరో హోల్లో నా బంతులు మూడు వెదురు పొదల్లో పోయాయి. చివరికి లెక్క తేలింది: ఆయన నలభై ఆరు, నేను నలభై అయిదు. పదోసారి కూడా ఆయనే ఆఖరు.

ఆ సాయంత్రం మేం దిగిన గెస్టుహౌసులో ఆయన వడ్డించాడు. డాక్టరుకి కోడి కాలు, ప్లీడరుకి కోడి కాలు, నాకు పులుసు. ఒట్టి పులుసు.

"ముక్క లేదా తమ్ముడూ?"

"ఉండే ఉంటాదన్నయ్యా. నాను సూణ్ణేదు. అనుమానం మీద ఎలా వేత్తాను?"

డాక్టరుకి పొలమారింది. అదొక్కటే కాదు, అప్పటికే మా తోడల్లుడు ప్రాజెక్టు కాలనీ ఎస్టీడీ బూతు నుంచి ఇంటికి ఫోన్ చేసేశాడు, ఒక్క దెబ్బకి కొట్టానని, మీ బావ రాయడం లేదని. అక్కడి నుంచి మా ఆవిడకి చేరిందన్నమాట. పది నిమిషాల్లో బూతువాడు నన్ను పిలవడానికొచ్చాడు. ఫోన్లో మా ఆవిడ ఒక్క ముక్క అంది: "రాయండి." రాయలేనన్నాను. పెట్టేసింది.

భోజనం చేసి లేస్తుంటే ప్లీడరు మెల్లగా అడిగాడు. "రికార్డు కీపరు గారూ, ఆ మూడుని ఒకటి చేస్తే ఆఖరు ఎవరవుతారో చూసుకున్నారా?"

నేను అప్పటిదాకా చూసుకోలేదు. ఈ మాట ఎవరూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మరు. నలభై ఆరులో రెండు తీస్తే నలభై నాలుగు. నాది నలభై అయిదు.

అయిదో తేదీ, ఆదివారం. జీపు తొమ్మిదికి. నేను ఆరింటికే ఒక్కణ్ణీ డైరీ పట్టుకుని మూడో హోలుకి వెళ్ళాను. డబ్బాకీ చెట్టుకీ దూరం కొలుద్దామని. కొలిచి ఏం చేస్తానో నాకూ తెలియదు.

ఆవిడ అప్పటికే వచ్చి ఉంది. నన్ను చూసి నవ్వి, తన పని తాను చేసుకుంది. నేల మీది పువ్వుని ఒక్కొక్కటే చూసి ఏరి పెద్ద బుట్టలో వేస్తోంది. రాయి తగిలితే అవతల పారేస్తోంది. ఇసుక మీద రాలినవాటి జోలికి వెళ్ళలేదు. ఇసుక అంచున కూర్చుని, చెయ్యి చాచి, డబ్బాలో రాలిన పువ్వుని ఒక్కసారి గుప్పిట్లోకి తోడి, చూడకుండానే చిన్న ఆకు దొప్పలో పోసింది.

"అవి వేరుగా ఎందుకమ్మా?"

"డబ్బాలోవి నూనె కంపు బాబూ. మంచోటిల్లో కలపను. ఇయ్యి ఆవుకి."

"మరి ఇసుక మీదవి?"

"ఆటిని ఆవు కూడా తినదు."

"కింద ఏరినవి ఎప్పుడైనా ఈ దొప్పలో వేస్తావా?"

"మంచి పువ్వుని ఎవలైనా కంపులో వేత్తారేటి?"

నేను డైరీ తెరిచాను. నిన్నటి పేజీలో నా చేతిరాతతోనే ఉంది: ఆకు దొప్పలోంచి తీసి చూపించింది. రెండుసార్లు చదివాను.

"ఈ మాట నిన్ననే చెప్పొచ్చు కదమ్మా!"

"అడిగితేగా? ఆ పొడుగు బాబు అవునా కాదా, అవునా కాదా అంటాడు గానీ, ఎలా ఏరతావని అడిగినాడేటి? నువ్వూ పుస్తకమే సూసినావు గానీ నాకేసి సూసినావేటి?"

అక్కడే నిలబడి మూడు కొట్టేసి, ఒకటి వేసి, పక్కన సంతకం చేశాను. ఆవిడకి సంతకం చూపించాను. ఆవిడకి అక్కర్లేదు. బంతి ఇస్తావా అని మళ్ళీ అడిగాను. బంతి ఇంట్లో ఉందనీ, ఇవ్వననీ చెప్పింది.

గెస్టుహౌసుకి వచ్చేసరికి ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. మా తోడల్లుడు గరిటె పట్టుకుని లేవబోతున్నాడు. నేను డైరీ ఆయన ముందు పెట్టాను. ఆయన వేలితో గీత తడిమి, అంకె తడిమి, సంతకం తడిమాడు. ప్లీడరు లాక్కుని పైకి చదివాడు. దొప్ప సంగతి వినగానే, "ఈ ప్రశ్న నేనెందుకు అడగలేదు?" అని తనని తానే తిట్టుకున్నాడు.

మా తోడల్లుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. డాక్టరు కళ్ళల్లో చుక్కలేమైనా వెయ్యమంటారా అని అడిగాడు. అప్పుడు మా తోడల్లుడు చేతిలోని గరిటె నాకు అందించి, కుర్చీ వెనక్కి జరిపి, ఆపరేషను చెయ్యాల్సిన కాలు ఎదుటి స్టూలు మీద చాపుకుని కూర్చున్నాడు.

నేను నడుముకి తువ్వాలు చుట్టుకుని ఉప్మా వడ్డించాను. డాక్టరుకి, ప్లీడరుకి, ఆయనకి.

"ఇంకో గరిటె వెయ్యన్నయ్యా," అన్నాడు. "జీడిపప్పు సూసి వెయ్యి."

చూసే వేశాను.