మడిమె వట్టిన చెయ్యి

దయ్యాలున్నయంటే నేను ఎన్నడు నమ్మలే. ఉంటే ముందుగాల నాకే కనవడాలె. పదిహేనేండ్లు మబ్బుల, తెల్లారకముందే లేచి తాటివనానికి పోయిన. ఒక్క దయ్యమన్న వచ్చి ముంతెడు కల్లు అడిగింది లేదు. ఏడో తరగతిల బడి ఎగ్గొట్టినోన్ని, నా మాటకు విలువెంతో మీరే చూసుకోండ్రి. కాని గిది మాత్రం అయింది అయినట్టు రాస్తున్న.

మాది మంథని దిక్కు. బాపు తాటిచెట్లు ఎక్కేటోడు, ఆయన వెనుక నేను. పోయిన ఎండకాలం నడుముకు సుట్టిన మోకుతాడు జారి చెట్టు మీదికెల్లి పడ్డ. ఎన్నుబొక్క ఇరిగింది. కరీంనగర్ల ఆపరేషన్ చేసిండ్రు. నడుము కిందికి ఏం తెల్వకుంట పోయింది. గిల్లినా తెల్వది, గుచ్చినా తెల్వది.

ఏడుద్దామంటే ఏడుపు గూడ రాకపోయేది. కాళ్ళ లెక్కనే లోపల గూడ మొద్దువారింది. ఎవలన్న చూడొస్తే జోకులేసేటోన్ని. వాళ్ళు పోయినంక గోడ చూసేటోన్ని.

ఆరు నెలలు తిరిగినం. బొక్కల డాక్టర్ ఆపరేషన్ మంచిగైందన్నడు. నరాల డాక్టర్ గోలీలు రాసిండు. పెద్దపల్లి కాడ నూనె రాసేటాయన నెల రోజులు రుద్దిండు. నాసొంటోనికి లేచి కూసునుడు, మంచం దిగుడు నేర్పే డాక్టర్ వేరే ఉంటడని మాకు ఎరుకలే. నాకు గావాల్సింది గంతే, నా అంతట నేను మంచం దిగాలె. నా పెండ్లాం స్వరూప నన్ను ఎత్తి ఎత్తి తన నడుము వట్టుకపోయింది.

అప్పటిసంది నా కాళ్ళ పని నన్ను గన్న అవ్వ మీద వడ్డది. అవ్వ రోజు ఇటుకపెల్ల పొయ్యిల వెచ్చజేసి, బట్టల సుట్టి, నా మడిమెల కింద వెట్టేది. నరం తెలివికొస్తదని. మా దిక్కు బాలింతకైనా ముసలోల్లకైనా గదే కాపుడు.

"కాలుతుందా బిడ్డా?" అని అడిగేది.

"ఏం తెలుస్తలేదవ్వా. ఇంకింత మంట వెట్టు, పాయ లెక్క ఉడకాలె" అనేటోన్ని.

అయినంక సల్లవడొద్దని సాక్సులు తొడిగేది. అవ్వకు కండ్లు సరిగ ఆనవు.

ఆ రోజు మళ్ళ బొక్కల డాక్టర్ కాడికి కరీంనగర్ పోయినం. పొద్దున పదకొండు అయితుండె. వరండల చక్రాల కుర్చీల కూసున్న. స్వరూప చీటీ కోసం లైన్ల నిలవడ్డది. పక్కన మనుషులున్నరు గని నా కాళ్ళ కాడ ఎవ్వలు లేరు. గీ ముచ్చట నేను మళ్ళ మళ్ళ యాది జేసుకొని చూసిన.

ఎవలో నా కుడి మడిమె వట్టుకున్నరు.

గట్టిగ వట్టి మీదికి నూకిండ్రు. మొరటు చెయ్యి. బొటనేలు ఒక దిక్కు, ఇంకో దిక్కు మూడే వేళ్ళు. చూపుడేలు ఉండాల్సిన జాగ ఖాళీ.

మా బాపుకు చూపుడేలు లేకుండె. కల్లు గీసే కత్తికి పోయింది. నాకు చెట్టెక్కుడు నేర్పినప్పుడు కిందికెల్లి గట్లనే మడిమె వట్టి మీదికి నూకేటోడు. ఆయన పోయి తొమ్మిదేండ్లు.

మడిమె భగ్గుమంది. ఒర్రిన. స్వరూప ఉరికొచ్చింది.

"ఏమైందయ్యా?"

"మడిమె మండుతుంది. సాక్సు గుంజు."

"నీ జోకులకో దండం. లైన్ల నా జాగ పోతది."

"జోకు గాదే. గుంజు."

సాక్సుతోని తోలు గూడ ఊడొచ్చింది. ఇటుకకు కాలిన జాగ నల్లగై లోపలికి దిగింది. స్వరూప నర్సమ్మను పిలువ ఉరికింది.

పట్టీ కట్టిన నర్సమ్మ కోపానికొచ్చింది. "ఇన్ని నెలలు రిహాబ్ డాక్టర్‌కు చూపియ్యలేదా?" అన్నది. గాయన ఎవలమ్మా అని అడిగిన. ఆయన గాదు, ఆమె. మీది అంతస్తుల చివరి గది. గట్ల దొరికింది మాకు ఫిజికల్ మెడిసిన్ డాక్టరమ్మ. మేం ఆరు నెలలు ఆమె గది కిందనే తిరిగినం.

ఇంకో నాలుగు రోజులాగితే పుండు బొక్క దాక పోతుండె, కాలు దక్కకపోతుండె అన్నది.

"ఎట్ల గుర్తువట్టిండ్రు?"

"నొచ్చింది మేడం."

నన్ను కండ్లు మూసుకొమ్మని రెండు కాళ్ళ పొంటి సూదితోని పొడుసుకుంట వచ్చింది. ఏం తెల్వలే. మడిమె కాడ గూడ తెల్వలే.

"నీకు అక్కడ తెలిసే ఆస్కారం లేదు తమ్మీ."

"గది నా మడిమెకు చెప్పుండ్రి మేడం."

ఆమె నవ్వలే. స్పర్శ లేని జాగల ఉత్త నొప్పులు కొందరికి వస్తయని చెప్పింది. నొప్పికి వేళ్ళుంటయా అని అడుగుదామనుకున్న. అడుగలే.

ఇప్పుడు నా అంతట నేనే మంచం మీదికెల్లి కుర్చీలకు దిగుతున్న. చెట్లెక్కిన చేతులు అక్కరకొచ్చినయి. స్వరూప నడుము జర నయం. అవ్వ "నేనే కాలవెడితి" అని ఇంకా అంటనే ఉంటది. ఆ చెయ్యి సంగతి అవ్వకు చెప్పలే.

రోజు పొద్దున అద్దం వట్టి మడిమెలు చూసుకుంట. డాక్టరమ్మ నేర్పిన పని. చూసినంక చేత్తోని వట్టుకుంట. చెయ్యికి మడిమె తెలుస్తది, మడిమెకు చెయ్యి తెల్వది. ఆ ఒక్క రోజు ఎట్ల తెలిసిందో నాకు ఇప్పటికీ సమజ్ కాలే. ఒకోపారి ఎవ్వలు చూడనప్పుడు, చూపుడేలు మడిచి, మూడు వేళ్ళతోని వట్టి చూస్త.

ఏం తెల్వది.