మూడో స్ట్రైక్ జారిన రోజు

ఇంద్రసేన సార్ జహీరాబాద్‌లో ఓ సర్కారు బడి పీఈటీ. కబడ్డీకీ ఖోఖోకీ ఎవరైనా విజిల్ ఊదుతారు గానీ, ఆడపిల్లల సాఫ్ట్‌బాల్‌కు అంపైర్ కావాలంటే చుట్టుపక్కల మండలాలవాళ్ళంతా ఆయన్నే పిలిచేవారు. ఆ ఆట నియమాలు పూర్తిగా తలకెక్కినవాళ్ళు తక్కువ.

వేసవిలో ఆయన భార్య ప్రమీల పోయింది. సార్ ఏడవలేదు. ఏడవలేదని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. నిజానికి ఏడుపే కాదు, ఆకలీ కోపమూ కూడా ఆయన్ని వదిలేసి ఎటో పోయాయి. పక్కింటివాళ్ళు జొన్నరొట్టె పంపితే తినేవాడు. కూరలో ఉప్పు లేకపోయినా తెలిసేది కాదు. ఎవరేం అడిగినా "ఊఁ" అనేవాడు. కూరగాయల బండివాడు సైతం తూకం వేస్తూ జాలిగా చూసేవాడు. ఇనుప కమ్ముల మాస్కు తగిలించుకొని క్యాచర్ వెనక వంగి నిలబడ్డప్పుడు మాత్రం ఆయన ఉత్త అంపైర్. అక్కడ జాలిపడే తీరిక ఎవరికీ ఉండదు. ఆయనకు మిగిలిన చోటు అదొక్కటే.

అదీ పోయేలా ఉంది. కిందటి నెల ఓ మ్యాచ్‌లో బంతి వచ్చి పడ్డాక స్ట్రైకా, బాలా అని తీర్పు చెప్పకుండా అట్లాగే నిలబడిపోయాడు. ఫిర్యాదు వెళ్ళింది. పోటీలు నడిపే చెన్నబసప్ప ఆయనకు పాత స్నేహితుడు. మరో మ్యాచ్ రోజు పొద్దున మైదానంలో సున్నం గీతలు వేయిస్తూ దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఈ ఒక్క మ్యాచ్ నిమ్మళంగ దాటించు. మళ్ల లొల్లయితే మాస్కు ఇంకొకరికి ఇయ్యాల్సొస్తది. నా చేతుల ఏం లేదు."

"ఊఁ."

"ఊఁ కాదే, జర మనసు పెట్టు."

మ్యాచ్ ఝరాసంగం ఊరి బడి పిల్లలకూ, జహీరాబాద్ పట్నంలోని ఓ ప్రైవేటు బడి పిల్లలకూ. గెలిచినవాళ్ళు జిల్లా పోటీలకు పోతారు. చివరి ఇన్నింగ్స్‌లో ఝరాసంగం ఒక్క పరుగు వెనకబడి ఉంది. ఇద్దరు ఔటయ్యారు. థర్డ్ బేస్‌లో వాళ్ళ పిల్ల ఒకతె పరుగుకు కాచుకొని ఉంది. బ్యాటు త్రివేణి చేతిలో ఉంది. సన్నటి పిల్ల, నూనె రాసి బిగించిన రెండు జడలు. అప్పటికే రెండు స్ట్రైకులు.

సాఫ్ట్‌బాల్‌లో బ్యాటు ఊపి బంతిని తప్పితే స్ట్రైకు, మూడు స్ట్రైకులైతే ఔటు. కానీ ఆ మూడో స్ట్రైకు బంతిని క్యాచర్ నేల తగలకుండా పట్టాలి. జారవిడిస్తే, అప్పటికే ఇద్దరు ఔటై ఉన్నప్పుడు, బ్యాటు పట్టిన పిల్ల ఫస్ట్ బేస్‌కు పరుగెత్తవచ్చు. చిక్కు ఎక్కడంటే, బంతి జారినా జారకున్నా అంపైర్ స్ట్రైకుకు చెయ్యి లేపాల్సిందే. క్రికెట్టు చూసి పెరిగిన ఈ పిల్లలకు అంపైర్ చెయ్యి లేచిందంటే ఔటే. బ్యాటు చంకన పెట్టుకొని నడిచిపోతారు. పరుగెత్తమని చెప్పుకోవడం వాళ్ళ జట్టు పని. అంపైర్ నోరు విప్పకూడదు. ఆయన ఎవరి మనిషీ కాదు.

త్రివేణి బలంగా ఊపింది. బంతి తగల్లేదు. నేలను తాకి, క్యాచర్ ప్రణీత గ్లవ్‌కు కొట్టుకొని పక్కకు దొర్లింది. సార్ చెయ్యి లేచింది. పట్నం పిల్లలు "ఓ" అని అరుస్తూ ఎగిరారు. ప్రణీత మాస్కు తీసి నవ్వుతూ నిలబడింది. త్రివేణి బ్యాటు కింద పెట్టి, షామియానా వైపు రెండడుగులు వేసి, తల తిప్పి సార్ ముఖంలోకి చూసింది.

"ఉరుకు," అన్నాడు ఇంద్రసేన సార్.

ఎందుకన్నాడో ఆయనకు తెలీదు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని కూడా కొంచెం ఆలస్యంగా తెలిసింది.

త్రివేణి బాణంలా పోయింది. ప్రణీత ఉలిక్కిపడి బంతి అందుకొని విసిరింది. అది ఫస్ట్ బేస్ పిల్ల తలమీదుగా పోయింది. థర్డ్‌లో ఉన్న పిల్ల హోమ్ బేస్‌కు చేరి పరుగు తెచ్చింది. స్కోరు సమం.

"సారే చెప్పిండు! ఉరుకు అన్నడు, నేను విన్న!" ప్రణీత ఏడుపు గొంతుతో అరిచింది. వాళ్ళ సార్ మదన్‌మోహన్ ఊగిపోతూ వచ్చాడు. "అంపైర్ ఆడిస్తడా? ఇగ మేమెందుకు వచ్చినం, చాయ తాగనీకా?"

చెన్నబసప్ప ఇంద్రసేన సార్‌ని పక్కకు తీసుకుపోయి గొంతు తగ్గించాడు. "విన్నది ఆ పొల్లొక్కతే. అనలేదను, అయిపోతది."

"నేను అన్న."

"అన్నా, జర ఆలోచించి..."

"చెన్నబసప్పా, నేనే అన్న. ఉరుకు అన్న."

ఆ ప్రాంతంలో లొల్లి తెగకపోతే గల్లీ క్రికెట్టులో ఏం చేస్తారో ఇక్కడా అదే చేశారు. ఆ బంతి లెక్కలోకి రాదు, మళ్ళీ వేయాలి. రూల్ పుస్తకంలో అట్లా లేదు. ఇంద్రసేన సార్‌కు ఆ సంగతి తెలుసు. కానీ అప్పటికే మాస్కు ఇంకొకరి చేతిలో ఉంది. ఆయన గీత అవతలికి వచ్చి నిలబడ్డాడు. మోకాలు కొంచెం నొచ్చింది, అంతే.

మళ్ళీ వేశారు. త్రివేణి మళ్ళీ ఊపింది. ఈసారి బంతి ప్రణీత గ్లవ్‌లో ఠప్పుమని కూర్చుంది.

ఝరాసంగం పిల్లలు ఆటోల కోసం సామాన్లు సర్దుకుంటున్నారు. సార్ నీళ్ళ క్యాను దగ్గర ఉంటే త్రివేణి వచ్చింది. గ్లాసు నింపుకుంది గానీ తాగలేదు.

"సార్, ఎందుకు చెప్పిన్రు?"

"నీకు తెల్వదనుకున్న బిడ్డా. ఔటని పోతున్నవు గదా."

"పోతలేను సార్. పోతున్నట్టు చేసిన." ఆ పిల్ల గొంతులో కోపం కంటే విసుగే ఎక్కువ. "నేను మీ మొకం చూస్తే ప్రణీత గూడ మీ మొకమే చూస్తది. బాల్ చూడదు. అప్పుడు ఉరుకాలె. మా ఝాన్సీ మేడమ్ నేర్పింది. పొద్దుగాల గదే ప్రాక్టీస్ మాకు. ఇంకొక్క అడుగేసి ఉరుకుతుంటి. మీరు నోరు తెరిచిన్రు."

సార్ కారుతున్న క్యాను కుళాయి బిగించాడు.

"మా మేడమ్ చెప్పింది, ఆ సార్ అస్సలు మాట్లాడడు, ఫికర్ లేదు అని," అంటూ త్రివేణి గ్లాసు ఖాళీ చేసి బోర్లించి పోయింది.

ఆటో కదిలింది. లోపలినుంచి ఏదో కొంటె గొంతు "ఉరుకూ" అని సాగదీసింది. ఓడిపోయిన పిల్లలంతా పగలబడి నవ్వారు. త్రివేణి కూడా నవ్విందో లేదో దుమ్ములో కనబడలేదు.

ఇంద్రసేన సార్ అక్కడే నిలబడ్డాడు. చెవులు వేడెక్కాయి. ఎండేమో అనుకొని షామియానా నీడలోకి జరిగాడు. అక్కడా అట్లాగే ఉన్నాయి. కాసేపటికి గుర్తుపట్టాడు, సిగ్గు. వేసవి తర్వాత లోపల ఏదైనా కదలడం అదే మొదలు. వచ్చిందేదో వచ్చిందనుకొని, అది పోయేదాకా అక్కడున్న ఓ కుర్చీలో కూర్చున్నాడు.