అలియాబాద్ బోడిమెడ కోళ్లతో ఒక ఉదయం

ఇరవై ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు జీవపరిణామం చెబుతున్నాను. పోయిన నెల ఒకమ్మాయి లేచి, "మేడం, అది జరగడం మీరెప్పుడైనా చూశారా?" అని అడిగింది. ఇంటికొచ్చి వెతికితే, ఐదేళ్ల క్రితం అలియాబాద్‌లో ఖాజాబీ అనే ఆవిడ పెంచే బోడిమెడ కోళ్ల గురించి రాసుకున్న లెక్క దొరికింది. మళ్లీ లెక్కపెట్టి చూడాలి. మార్పు లేకపోతే ఆ అమ్మాయికి పాఠ్యపుస్తకమే చూపించాలి.

రెండో శనివారం ఆరింటికి మేడ్చల్ నుంచి బయల్దేరాను. శామీర్‌పేటకు షేర్ ఆటో పది రూపాయలు, అక్కడి నుంచి కరీంనగర్ రోడ్డు మీద ఇంకో ఐదు. కోళ్లను చూడటానికి వెళ్తున్నానంటే డ్రైవర్ వెనక్కి తిరిగాడు. "కొంటందుక్కాదా? ఉత్తగ సూస్తందుకు గింత దూరమా!" తుర్కపల్లి బయోటెక్ ల్యాబుల కార్లు మమ్మల్ని దాటిపోతున్నాయి. నాకు మాత్రం ల్యాబు అక్కర్లేదు, కోడి మెడ చూస్తే చాలు. మెడ ఈకల జన్యువు ప్రతి కోడిలోనూ రెండు ప్రతులుగా ఉంటుంది, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. రెండూ బోడిమెడ రకమైతే మెడ నున్నగా ఉంటుంది. ఒకటే అయితే ముందువైపు చిన్న కుచ్చు మిగులుతుంది. ఒక్కటీ లేకపోతే మెడ నిండా ఈకలే.

ఏడింటికల్లా చేరాను. ఖాజాబీ నా కోసం గూడు తెరవకుండా ఉంచింది. ఒక్కో కోడినీ పట్టి చూశాం. అప్పుడూ ఇరవై కోళ్లే, ఇప్పుడూ ఇరవయ్యే. అంటే నలభై ప్రతులు. అప్పట్లో వాటిలో బోడిమెడవి పది. ఇప్పుడు నున్నమెడలు ఐదు, కుచ్చువి పది, నిండు ఈకలవి ఐదు. ఐదు రెళ్లు పది, కుచ్చువాటివి ఇంకో పది, అంటే ఇరవై! పావు వంతు సగమైంది. ఒక గుంపులో జన్యువు వాటా తరాలతో ఇలా మారడమే పరిణామం. ఎగిరి గంతేయాలనిపించింది. అంతలోనే అనుమానం వచ్చింది. ఈవిడ బయటి నుంచి బోడిమెడ పుంజును తెచ్చి ఉంటే?

"నేనెందుకు తెస్త? అన్నీ మా ఇంట్ల పొదిగినయే," అంది ఖాజాబీ. ఎండకు బోడిమెడలే తట్టుకుని మిగిలాయేమోనన్నాను. ఆవిడ నవ్వింది. "ఎండగాదు టీచరమ్మా. బోనాలకు కొనెటోళ్లు మెడ నిండ ఈకలున్నదే అడుగుతరు. గీ బోడిమెడయి ఎవ్వలూ కొనరు. ఇగ గవే ఉండి పిల్లల్ని జేస్తున్నయ్."

నా ఎండ సిద్ధాంతం గాలికి పోయింది, అయినా సంతోషంగానే ఉంది. తినకుండా పోవద్దని ఆవిడ పట్టుబట్టింది. జొన్నరొట్టె, కోడికూర మస్తుగా ఉన్నాయి. రెండోసారి వడ్డించుకున్నాక అడిగాను, ఏ కోడి అని.

"ఇంటికొచ్చిన మెహమాన్‌కు బోడిమెడ పెడతనా? ఇందాక మనం లెక్కవెట్టిన నిండు ఈకలదే ఒకటి. పోయినసారి నువ్వొచ్చినప్పుడు గూడ గట్లాంటిదే కోసిన!"

ఇరవై కోళ్లున్న చోట ఒక్క కోడి తగ్గినా లెక్క మారుతుంది. ఇన్నేళ్లూ పరిణామాన్ని దూరం నుంచి చూసేదాన్ననుకున్నాను, తీరా చూస్తే బోనాలకు కొనేవాళ్లలాగే నేనూ నిండు ఈకలవాటినే తగ్గించాను. సోమవారం ఆ అమ్మాయికి ఇది చెప్పాలంటే సిగ్గుగానే ఉంది, కానీ చెబుతాను. మీరూ ఇలాంటి లెక్కకు వెళ్తే ఒక్క మాట. భోజనం అయ్యాక మరోసారి లెక్కపెట్టండి. నాకు నలభైలో ఇరవై కాస్తా ముప్పై ఎనిమిదిలో ఇరవై అయింది.