మా బేస్‌బాల్ కోచ్ ఇఖామాలో డ్రైవర్

మా చిన్నప్పుడు కువైట్‌లోని హవల్లీలో బడి వదిలాక మా బస్సు కదలడానికి ఇంకో గంట పట్టేది... పెద్ద తరగతుల వాళ్ళకు అదనపు క్లాసులు. వాళ్ళొచ్చేదాకా మేం బడి వెనకున్న ఇసుక జాగాలో ఆగాలి. ఆ గంటలోనే మా బస్సు డ్రైవర్ మాకు బేస్‌బాల్ నేర్పారు.

అవును... క్రికెట్ కాదు, బేస్‌బాల్.

ఆయన పేరు ఓబులేసు. రాజంపేట దగ్గర పల్లె. ఆడపిల్లలం, మగపిల్లలం కలిపి పదకొండు మందిమి. బియ్యం గోనెసంచుల్లో ఇసుక నింపి నాలుగు మూలలా పెట్టేవారు... అవే మా బేస్‌లు. బంతి కుట్లు ఊడితే దబ్బనంతో ఆయనే కుట్టేవారు. నేను బ్యాటు పట్టుకున్న తీరు చూసి మొదటి రోజే అన్నారు, "రోకలి పట్టినట్టు పట్టొద్దు పాపా, వడ్లు దంచడానికి రాలేదు మనం."

డ్రైవర్‌కు ఈ ఆట ఎలా వచ్చిందని అడిగితే, బంతి కుడుతూ కుడుతూ కొంచెం కొంచెం చెప్పారు. కాలేజీలో చదివేటప్పుడు యూనివర్సిటీ జట్టుకు క్యాచర్. కుడిచేతి ఉంగరం వేలు వంకరగా ఉండేది... బంతి తగిలి విరిగిందట. తర్వాత వ్యాయామ విద్యలో డిగ్రీ చేసి, ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తొమ్మిదేళ్ళు బేస్‌బాల్ కోచ్. అదీ ఏ ఏటికాయేడు కాంట్రాక్టు మీద. ఒక ఏడు కాలేజీవాళ్ళు ఆట మైదానంలో కొత్త బిల్డింగు లేపారు. మైదానమే లేనప్పుడు కోచ్ ఎందుకన్నారు... అంతే. మేనమామ కొడుకు డ్రైవర్ వీసా పంపితే కువైట్ వచ్చేశారు. ఇక్కడ ఉండడానికిచ్చే ఇఖామా కార్డులో ఏ పని రాసి ఉంటే ఆ పనే చేయాలి.

మేం ఏడో తరగతికి వచ్చాక బడుల మధ్య పోటీ పెట్టారు. మా బడికి జట్టు ఉందని అప్పుడు గుర్తొచ్చింది పెద్దవాళ్ళకు. ఓబులేసు సార్ మమ్మల్ని మూడు నెలలు తయారుచేశారు. దుమ్ము గాలి వచ్చిన రోజుల్లో కూడా ముఖానికి తువ్వాలు చుట్టుకుని నిలబడ్డారు. కానీ బడివాళ్ళు పోటీ దరఖాస్తులో కోచ్ పేరు దగ్గర మా పీటీ మాస్టారి పేరు రాశారు. ఆయనకు బేస్‌బాల్ నియమాలు కూడా తెలియవు.

ఆఖరి ఆట రోజు సార్‌ను లోపలికి రానివ్వలేదు. పేరు నమోదైన కోచ్ ఒక్కరే ఉండాలట. ఆయన కంచె బయట నిలబడి చూశారు. ఒక్క పరుగు తేడాతో గెలిచాం... మర్నాడు అసెంబ్లీలో ప్రిన్సిపల్ గారు పీటీ మాస్టారి కష్టాన్ని తెగ పొగిడారు. నిజం చెప్పాలి, పాపం మాస్టారు తల వంచుకునే ఉన్నారు. కానీ నోరు మాత్రం విప్పలేదు.

ఆ సాయంత్రం ఉత్తరం రాశాను. 'మా కోచ్ ఓబులేసు సార్, మాకు ఆట నేర్పింది ఆయనే' అని. పదకొండు మందిమీ సంతకాలు చేసి ప్రిన్సిపల్ గారి చేతికిచ్చాం. ఏదో ఘనకార్యం చేశామనుకున్నాం...

వారం తిరక్కుండా బస్సులో వేరే డ్రైవర్ ఉన్నాడు.

మిర్కాబ్‌లో గుమాస్తాగా పనిచేసే మా నాన్న ఆరా తీశారు. సార్‌ను షువైఖ్‌లో ఒక గోదాముకు లారీ నడపడానికి మార్చారని తెలిసింది. నేను ఏడ్చి రాద్ధాంతం చేస్తే శుక్రవారం తీసుకెళ్ళారు. సార్ లారీ నీడలో కూర్చుని మజ్జిగ అన్నం తింటున్నారు. నన్ను చూసి చెయ్యి కడుక్కుని లేచారు. నా ఉత్తరం వల్లే ఇదంతా జరిగిందా అని అడిగాను.

ఆయన అబద్ధం చెప్పలేదు.

"నువ్వు రాసింది తప్పు గాదు పాపా. నా ఇఖామాలో డ్రైవర్ అనుంది. డ్రైవర్ ఆట నేర్పిచ్చాండాడని కాగితం మీద పడితే నన్ను పనిలో పెట్టుకున్న కఫీల్‌కు తిప్పలు, బడికీ తిప్పలు. అందుకే మార్చినారు."

"మరి మీరు ముందే ఎందుకు చెప్పలేదు సార్?"

"చెప్తే మీరు ఆడ్డం మానేచ్చారని."

మరుసటి ఏడు ఆయన ఇక్కడి ఉద్యోగం ఖలాస్ చేసుకుని ఊరికి వెళ్ళిపోయారు. మా జట్టు అంతకు ముందే చెదిరిపోయింది.

ఇప్పుడు నేను ఇక్కడే ఒక బడిలో ఆడపిల్లలకు బేస్‌బాల్ కోచ్‌ని. నా ఇఖామాలో టీచర్ అని ఉంది. పోయిన నెల వెబ్‌సైటులో పెట్టడానికి నా గురించి రాసిమ్మన్నారు. ఎలా రాయాలో తెలియక అమెరికా కాలేజీల బేస్‌బాల్ కోచ్‌ల పేజీలు చదివాను... ఎక్కడ ఆడారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ కాలేజీలో ఎన్నేళ్ళు పనిచేశారు, అన్నీ వరసగా ఉన్నాయి. తొమ్మిదేళ్ళ కాలేజీ కోచ్‌కు మా దగ్గర ఒక్క లైను కూడా లేకపోయిందే అని ఒళ్ళు మండింది. నేను మొదటి వాక్యమే ఇలా రాశాను, 'నాకు ఆట నేర్పింది ఓబులేసు గారు.'

ఆయన ఏ సంస్థ, సర్టిఫికెట్ ఉందా అని ఆఫీసు అమ్మాయి అడిగింది. రాజంపేటకు ఫోన్ చేశాను. ఆయన ఇప్పుడు అక్కడొక బడికి వ్యాను నడుపుతున్నారు. నా పేరు తీసేయ్ పాపా, నీ పని చెడగొట్టుకోవద్దు అన్నారు. తియ్యనని గట్టిగా చెప్పాను. తర్వాత, "పిల్లోళ్ళు బాగా ఆడతాండారా?" అని అడిగారు.

నాలుగు రోజుల తర్వాత పేజీ తెరిచి చూస్తే నా ఫోటో ఉంది, నా డిగ్రీలున్నాయి... ఆ వాక్యం లేదు. మళ్ళీ పెట్టమని మూడుసార్లు అడిగాను. చూస్తామంటున్నారు.

నా పిల్లలకు ఇప్పుడు పచ్చటి మైదానం ఉంది, చేతికి సరిపోయే గ్లవ్‌లున్నాయి, గొడుగు నీడ ఉంది. మాకు ఇసుక, ఆ మనిషి తప్ప ఏమీ లేవు... అయినా ఆ గంట ఎప్పుడు వస్తుందా అని పొద్దున్నుంచీ ఎదురుచూసేవాళ్ళం.

మీకూ ఇలా ఏ పేజీలోనూ లేని గురువు ఒకరు ఉండే ఉంటారు. వాళ్ళ పేరు కింద రాయండి... ఇక్కడ సర్టిఫికెట్ ఎవరూ అడగరు.